మహాతారల సాక్ష్యం

నెల్లూరు జిల్లాలో కావలికి దక్షిణంగా, బంగాళాఖాతానికి చేరువలో ఉన్న ఊరు బిట్రగుంట. విజయవాడ-చెన్నై రైలుమార్గంలో ఒకప్పుడు బొగ్గు ఇంజన్ల షెడ్డుకు పేరుపొందిన స్టేషను అది. జనవరి మాసంలో రాత్రి తొమ్మిది గంటల వేళ, ఊరి దీపాలకు దూరంగా పొలం గట్టున నిలిచి తలెత్తి చూస్తే నడినెత్తిన ఎర్రని చుక్క ఒకటి కనిపిస్తుంది. అది రోహిణి. దానికి కొంత ఆగ్నేయంగా, మరింత కాంతితో మెరిసే ఎర్రని చుక్క ఆర్ద్ర. బిట్రగుంట సుమారు 14.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. రోహిణి భూమధ్యరేఖా తలానికి 16.5 డిగ్రీలు ఉత్తరంగా ఉంది. అందువల్ల ఆ ఊరివారికి రోహిణి ప్రతిదినమూ ఇంచుమించు నెత్తిమీదుగానే సాగిపోతుంది. వేసవి రాత్రులలో అదే విధంగా నడినెత్తిని సమీపించేది స్వాతి. ఆ కాలంలోనే దక్షిణాకాశాన ఎర్రగా వెలిగేది జ్యేష్ఠ.

ఈ నాలుగు పేర్లూ తెలుగువారికి కొత్తవి కావు. రోహిణి చంద్రునికి ప్రియపత్ని అని పురాణాలు చెప్పాయి. స్వాతి చినుకు ముత్యపుచిప్పలో పడి ముత్యమవుతుందని కవులు భావించారు. రైతులు కార్తెల పేర్లతో సేద్యపు పనులను నిర్ణయించుకున్నారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఎండలకు ప్రసిద్ధి చెందిన నెల్లూరు సీమలో అందరికీ అనుభవమే. అయితే కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంతో కూడి ఉండే కాలం. కనుక రోహిణి కార్తెలో రోహిణి సూర్యకాంతిలో మునిగి కంటికి కనిపించదు.

పంచాంగం ఈ తారల పేర్లను, స్థానాలను తరతరాలకు అందించింది. అవి దేనితో నిర్మితమయ్యాయి, ఎంత వేగంతో తిరుగుతున్నాయి అనే ప్రశ్నలకు సమాధానం చెప్పినది ఆధునిక శాస్త్రం. ఆ సమాధానాన్ని అన్వేషించిన చరిత్రలో తెలుగునేలకు కూడా స్థానం ఉన్నది.

మహాతార అంటే ఏమిటి?

పైన చెప్పిన నాలుగూ మహాతారల కోవకు చెందినవే. రోహిణి భూమికి దాదాపు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని వ్యాసం సూర్యుని వ్యాసానికి సుమారు 44 రెట్లు. స్వాతి 37 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, సూర్యునికన్న 25 రెట్లు పెద్దది. ఆర్ద్ర, జ్యేష్ఠ వీటిని మించిన అతిమహాతారలు. వాటిలో దేనిని తెచ్చి సూర్యుని స్థానంలో నిలిపినా బుధ, శుక్ర, భూ గ్రహాలేగాక కుజుని కక్ష్య కూడా దాని గర్భంలో కలిసిపోతుంది.

తార పుట్టుకతోనే మహాతార కాదు. సూర్యుని వంటి తార తన కేంద్రంలోని హైడ్రోజన్‌ను హీలియంగా మార్చుకుంటూ వందల కోట్ల సంవత్సరాలు నిలకడగా వెలుగుతుంది. కేంద్రంలో హైడ్రోజన్ తరిగిపోయిన తరువాత ఆ కేంద్రం కుంచించుకుపోయి మరింత వేడెక్కుతుంది. దాని చుట్టూ ఉన్న పొరలో హైడ్రోజన్ దహనం సాగుతుంది. వెలుపలి భాగం ఉబ్బి, చల్లబడి, ఎర్రబారుతుంది. కమ్మరి కొలిమిలో బాగా కాగిన ఇనుము తెల్లగానూ, చల్లారుతున్న ఇనుము ఎర్రగానూ కనిపించడం వంటిదే ఇది. సూర్యుని ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 5,800 కెల్విన్లు కాగా రోహిణిది 3,900 మాత్రమే. చల్లబడినా దాని వైశాల్యం అపారం కావడంచేత అది సూర్యునికన్న కొన్ని వందల రెట్లు అధికంగా వెలుగునిస్తుంది.

కాంతిలోని రేఖలు

ఇంత దూరాన ఉన్న తారలో ఏ పదార్థం ఉన్నదో ఎలా తెలుస్తుంది? వంట చేసేటప్పుడు చిటికెడు ఉప్పు మంటలో పడితే ఆ మంట పసుపుపచ్చగా మారుతుంది. ఉప్పులోని సోడియమే దానికి కారణం. ప్రతి మూలకానికీ ఇటువంటి సొంత రంగులు కొన్ని ఉంటాయి. 1814లో జర్మనీ దేశస్థుడు ఫ్రౌన్‌హోఫర్ సూర్యకాంతిని పట్టకం ద్వారా ప్రసరింపజేసి, ఇంద్రధనుస్సు వంటి వర్ణపటంలో వందలాది నల్లని గీతలు ఉన్నట్లు గుర్తించాడు. 1859లో కిర్కాఫ్, బున్‌సెన్ అనే శాస్త్రజ్ఞులు వాటి మర్మాన్ని విప్పారు. సూర్యుని లోపలి నుండి వచ్చే కాంతిలో కొన్ని రంగులను వెలుపలి వాయువులు గ్రహిస్తాయి. ఏ రంగు లోపించిందో చూస్తే దానిని గ్రహించిన మూలకం ఏదో తెలుస్తుంది.

ఈ విద్యకు గొప్ప పరీక్ష తెలుగునేల మీదనే జరిగింది. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. గ్రహణ సమయంలో సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో ఆయన ప్రకాశవంతమైన రేఖలను చూశాడు. అవి ఎంత తేజోవంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడవచ్చునని ఆయనకు తోచింది. మరునాడే ఆ పని చేసి చూపాడు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ స్వతంత్రంగా ఆ ఫలితాన్నే సాధించాడు. ఆ జ్వాలలలోని పసుపు రేఖ సోడియంది కాదనీ, అప్పటికి భూమిమీద తెలియని మూలకానిదనీ తేలింది. సూర్యునికి గ్రీకు పేరైన హీలియోస్ నుండి ఆ మూలకానికి హీలియం అనే పేరు కలిగింది. 1895లో గాని రామ్సే దానిని భూమిమీద కనుగొనలేకపోయాడు. భూమిపై దొరకకముందే సూర్యునిలో దొరికిన మూలకం అది.

రేఖను గుర్తించడం ఒక ఎత్తు, దానినిబట్టి మూలకం ఎంత ఉన్నదో లెక్కకట్టడం మరొక ఎత్తు. ఒకే మూలకపు రేఖలు ఉష్ణోగ్రతనుబట్టి బలంగానో బలహీనంగానో కనిపిస్తాయి. 1920లో మేఘనాథ్ సాహా ప్రతిపాదించిన అయనీకరణ సమీకరణం ఈ చిక్కును తీర్చింది. దానిని ఉపయోగించి 1925లో సిసీలియా పేన్ అనే యువతి తారలు ప్రధానంగా హైడ్రోజన్, హీలియంలతో కూడినవని నిరూపించింది. ఆనాటి పెద్దలు మొదట దానిని విశ్వసించలేదు. ఆమె చెప్పినదే నిజమని కొద్దికాలంలోనే అందరూ అంగీకరించారు.

రైలు కూత - తార భ్రమణం

ఒక రైలు బిట్రగుంట స్టేషనులో ఆగకుండా కూతవేస్తూ వేగంగా దూసుకుపోయేటప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలిచినవారు ఒక విశేషాన్ని గమనిస్తారు. దగ్గరకు వస్తున్నంతసేపూ కూత హెచ్చు స్థాయిలో వినిపించి, ఇంజన్ దాటిపోగానే తగ్గు స్థాయికి దిగుతుంది. 1842లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు డాప్లర్ ఈ సూత్రాన్ని ప్రతిపాదించాడు. 1845లో హాలండులో బైస్ బాలట్ అనే శాస్త్రజ్ఞుడు రైలుబండిపై బాకాలు ఊదేవారిని ఎక్కించి, వారి స్వరంలోని మార్పును సంగీతజ్ఞుల చేత పరీక్షింపజేసి దానిని ధ్రువపరచాడు.

కాంతికి కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. కాంతినిచ్చే వస్తువు సమీపిస్తూ ఉంటే దాని వర్ణపట రేఖలు నీలంవైపు, దూరమవుతూ ఉంటే ఎరుపువైపు జరుగుతాయి. తార తన చుట్టూ తాను తిరుగుతున్నప్పుడు ఒక అంచు మనవైపు వస్తూ, ఎదుటి అంచు వెనుకకు పోతూ ఉంటుంది. తార ఒక బిందువుగానే కనిపిస్తుంది కాబట్టి ఈ రెండు అంచుల కాంతీ కలిసిపోయి, సన్నగా ఉండవలసిన రేఖ వెడల్పవుతుంది. ఎంత వెడల్పైతే అంత వేగం. ఇందులో ఒక పరిమితి ఉన్నది. బొంగరాన్ని పైనుండి చూసినట్లు తార ధ్రువం మనవైపు తిరిగి ఉంటే, ఏ అంచూ మనను సమీపించదు, దూరం కాదు. అప్పుడు ఎంత వేగంగా తిరుగుతున్నా రేఖ వెడల్పు కాదు. అందుచేత ఈ పద్ధతిలో తెలిసేది కనీస వేగం మాత్రమే.

మహాతారలు మందగమనంతో తిరుగుతాయి. దీనిని గ్రహించడానికి పల్లెల్లో ఆడపిల్లలు ఆడే ఒప్పులకుప్ప ఆటను తలచుకుంటే చాలు. చేతులు పట్టుకొని గిరగిర తిరిగే పిల్లలు దగ్గరకు జరిగితే వేగం పెరుగుతుంది. చేతులు చాచి ఎడంగా ఒరిగితే వేగం తగ్గుతుంది. దీనినే శాస్త్రజ్ఞులు కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం అంటారు. సూర్యుని మధ్యభాగం సెకనుకు రెండు కిలోమీటర్ల వేగంతో, సుమారు 25 రోజులకొకసారి తిరుగుతుంది. సూర్యుడు వంద రెట్లు ఉబ్బి, మొత్తం ఒకే గోళంగా తిరుగుతాడని అనుకుంటే, ఒక్క చుట్టుకు పదివేల రెట్ల కాలం, అనగా ఇంచుమించు 680 సంవత్సరాలు పడుతుంది.

నిజానికి తార అంతా ఒకే వేగంతో తిరగదు. కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని మహాతారల కాంతిలో కలిగే సూక్ష్మ కంపనాలను కొలిచింది. భూకంప తరంగాలు భూగర్భం గురించి చెప్పినట్లే ఆ కంపనాలు తార గర్భం గురించి చెబుతాయి. కొన్ని మహాతారల కేంద్రభాగం ఉపరితలంకన్న పది రెట్లకు తక్కువగాని వేగంతో తిరుగుతున్నదని 2012లో వెలువడిన పరిశోధన తెలిపింది. కుంచించుకుపోయిన కేంద్రం వేగాన్ని నిలుపుకున్నది, ఉబ్బిన పైపొర వేగాన్ని కోల్పోయింది. అయినా సిద్ధాంతం చెప్పినంత వేగం కేంద్రానికీ లేదు. తార లోపల ఏదో శక్తి కేంద్రపు వేగాన్ని తగ్గిస్తున్నది. అది ఏమిటన్నది నేటికీ పరిశోధనాంశమే.

కవ్వమూ కుండా

తార ఉబ్బినప్పుడు దాని వెలుపలి పొరలు కుండలో మరిగే ఎసరువలె కిందికీ మీదికీ పొర్లుతాయి. లోతున తయారైన పదార్థం కొంత ఉపరితలానికి చేరుతుంది. అందుచేత మహాతారల ఉపరితలంపై కార్బన్ తగ్గి నైట్రోజన్ పెరుగుతుంది. సూర్యునిలో బరువైన కార్బన్-13 పరమాణువు ఒకటి ఉంటే మామూలు కార్బన్-12 పరమాణువులు సుమారు 89 ఉంటాయి. స్వాతిలో ఈ నిష్పత్తి పదికన్నా తక్కువ. మరిగే ఎసరు ఒక్కటే ఇంత మార్పు తేలేదు. తార లోపల కవ్వం వంటిది మరొకటి తిరుగుతూ పదార్థాన్ని చిలుకుతూ ఉండాలి. తార భ్రమణమే ఆ కవ్వమా అన్న ఊహ సహజంగానే కలిగింది. కాని భ్రమణం ఒక్కటే చాలదని తరువాతి గణనలు తెలిపాయి.

మూలకాలు తారలలో పుడతాయనడానికి ప్రత్యక్ష సాక్ష్యం 1952లో లభించింది. పాల్ మెరిల్ అనే ఖగోళజ్ఞుడు కొన్ని మహాతారల వర్ణపటంలో టెక్నీషియం రేఖలను కనుగొన్నాడు. అది అస్థిరమైన మూలకం. తార వయస్సుతో పోలిస్తే అల్పకాలంలోనే క్షయమైపోతుంది. తార పుట్టిననాటి టెక్నీషియం నేటికి మిగిలే అవకాశం లేదు. అంటే అది ఆ తారలోనే ఇటీవల తయారైనదన్నమాట.

హైదరాబాదు నుండి కావలూరుకు

మహాతారల అధ్యయనంలో చిరస్థాయిగా నిలిచిన భారతీయుని పేరు వేణు బప్పు. 1927లో మద్రాసులో జన్మించిన ఆయన పెరిగినది, చదివినది హైదరాబాదులో. తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో స్థాపించిన ఆ వేధశాల ఆ బాలునికి ఆటస్థలమూ, పాఠశాలా అయింది. నిజాం కళాశాలలో చదివిన బప్పు హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థి వేతనంతో 1949లో హార్వర్డుకు వెళ్లాడు. ఆ సంవత్సరమే ఒక తోకచుక్కను కనుగొన్నాడు. ఆపై ఓలిన్ విల్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞునితో కలిసి చేసిన పరిశోధన 1957లో వెలువడింది.

చల్లని తారల వర్ణపటంలో కాల్షియంకు చెందిన ఒక గాఢమైన నల్లని రేఖ ఉంటుంది. దాని మధ్యలో సన్నని వెలుగుగీత ఒకటి కనిపిస్తుంది. తార ఎంత ఎక్కువ కాంతివంతమైనదైతే ఈ వెలుగుగీత అంత వెడల్పుగా ఉంటుందని వారు నిరూపించారు. అనగా ఒక్క గీత వెడల్పును కొలిచి, ఆ తార మామూలు తారా లేక మహాతారా అన్నది నిర్ణయించవచ్చు. తార నిజకాంతి తెలిస్తే దాని దూరం కూడా తెలుస్తుంది. దీనికి విల్సన్-బప్పు ప్రభావం అని పేరు.

విదేశాలలో స్థిరపడే అవకాశం ఉన్నా బప్పు స్వదేశానికి తిరిగివచ్చాడు. 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతి అయ్యాడు. తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు అనే గ్రామాన్ని ఎంపికచేసి అక్కడ వేధశాలను నిర్మించాడు. 2.34 మీటర్ల దర్పణం గల పెద్ద దూరదర్శినిని భారతదేశంలోనే తయారుచేయించాలని సంకల్పించి, అది పూర్తికాకముందే 1982లో మరణించాడు. 1986లో ప్రారంభమైన ఆ దూరదర్శినికి, ఆ వేధశాలకు ఆయన పేరే పెట్టారు.

లిథియం చిక్కుముడి

మహాతారల భ్రమణం, రసాయన నిర్మాణం ఒకచోట కలిసే సమస్య లిథియం. నేడు ప్రతి సెల్‌ఫోను బ్యాటరీలోనూ ఉన్న ఈ తేలిక లోహం తార లోపల నిలువలేదు. సుమారు 25 లక్షల కెల్విన్ల వేడికే అది నశిస్తుంది. తార మహాతారగా మారి లోపలి పొరలు పొర్లినప్పుడు మిగిలిన లిథియం కూడా క్షీణించిపోవాలి. చాలా మహాతారలలో జరిగేది ఇదే. కాని 1982లో వాలర్‌స్టైన్, స్నీడెన్ అనే శాస్త్రజ్ఞులు లిథియం పుష్కలంగా ఉన్న మహాతార నొకదానిని గుర్తించారు. అటుపై అటువంటివి మరికొన్ని దొరికాయి. మహాతారలలో ఇవి నూటికి ఒకటి ఉంటాయి. నశించవలసిన పదార్థం ఎక్కడినుండి వచ్చింది?

దీనికి రెండు సమాధానాలు ప్రచారంలోకి వచ్చాయి. మొదటిది, ఉబ్బిన తార తన చుట్టూ తిరిగే గ్రహాన్ని మింగి ఉండవచ్చు. గ్రహంలోని లిథియం తారకు చేరుతుంది. గ్రహపు కక్ష్యావేగం తారకు సంక్రమించి దాని భ్రమణం పెరుగుతుంది. మహాతారలలో నూటికి రెండు మాత్రమే అసాధారణ వేగంతో తిరుగుతాయి. అలా తిరిగేవాటిలో లిథియం ఎక్కువగా ఉన్నవి తరచుగా కనిపించడం ఈ వాదానికి బలం చేకూర్చింది. రెండవది, లిథియం తారలోనే పుట్టి ఉండవచ్చు. లోతున హీలియం పరమాణు కేంద్రకాలు కలిసి బెరిలియం-7 ఏర్పడుతుంది. అది చల్లని పైపొరలకు త్వరగా చేరిన తరువాత లిథియంగా మారితే నశించకుండా మిగులుతుంది.

బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థకు చెందిన యెర్రా భరత్ కుమార్, బాచం ఈశ్వర్ రెడ్డి, అమెరికాకు చెందిన డేవిడ్ లాంబర్ట్‌తో కలిసి సుమారు 2,000 మహాతారలను సర్వేక్షణ చేశారు. ఇందుకు లడఖ్‌లోని హాన్లేలో ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపు తోడ్పడింది. 2011లో వారు కొత్తగా 15 లిథియం మహాతారలను ప్రకటించారు. వాటిలో అధికభాగం ఒకే దశలో ఉన్నాయి. కేంద్రంలోని హీలియం హఠాత్తుగా రగులుకొని, తార మళ్లీ నిలకడకు వచ్చిన దశ అది. కనుక ఆ రగులుకోవడంలో లిథియం పుట్టి ఉండవచ్చునని వారు సూచించారు. 2020లో భరత్ కుమార్, ఈశ్వర్ రెడ్డి మరికొందరు విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి ఆస్ట్రేలియాలోని దూరదర్శిని సేకరించిన వేలాది తారల సమాచారాన్ని పరిశీలించారు. ఆ దశకు చేరిన సూర్యుని వంటి తారలలో లిథియం అంతకుముందున్న దానికన్న సగటున 40 రెట్లు పెరిగినట్లు వారు తెలిపారు. అదే నిజమైతే లిథియం మహాతార ఒక వింత కాదు. తారల జీవితంలో సాధారణంగా వచ్చే ఒక ఘట్టం.

శాస్త్రంలో ఏ తీర్పూ ప్రశ్నకు అతీతం కాదు. ఆ తారల పూర్వజన్మలోని ద్రవ్యరాశులలో తేడాలను లెక్కలోకి తీసుకుంటే అంతటి పెరుగుదల అవసరం లేదని మరికొందరు వాదించారు. వేగంగా తిరిగే మహాతారలకు జంటతార ఆకర్షణే కారణమని ఇంకొందరి అభిప్రాయం. ఆర్ద్ర విషయంలోనూ ఇటువంటి వివాదమే నడుస్తున్నది. అంత పెద్ద తార సెకనుకు సుమారు ఐదు కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నదని 2018లో ఒక పరిశీలన ప్రకటించింది. అది భ్రమణం కాదనీ, ఉపరితలం మరుగుతూ పొర్లడమే అలా కనిపించి ఉండవచ్చుననీ 2024లో మరొక అధ్యయనం హెచ్చరించింది.

ఈ చర్చలు మానవజాతికి దూరమైనవి కావు. సుమారు 500 కోట్ల సంవత్సరాల తరువాత సూర్యుడు కూడా మహాతార అవుతాడు. బుధుని, శుక్రుని మింగివేస్తాడు. నాటి సూర్యుని భ్రమణం, ఆ ఉపరితలంపై మిగిలే లిథియం నేడు రోహిణి, స్వాతుల వంటి తారలను చదివితేనే తెలుస్తాయి. భూమి చివరికి ఏమవుతుందన్న ప్రశ్నకు ఆధారాలు దొరికేది కూడా ఆ చదువులోనే.

ఒకప్పుడు ఇటువంటి పరిశోధనకు కొండమీది వేధశాలకు ప్రవేశం ఉన్నవారికే అవకాశం ఉండేది. కెప్లర్, గయా అంతరిక్ష నౌకలు సేకరించిన తారల సమాచారం నేడు ఎవరైనా ఉచితంగా తీసుకొని పరిశీలించడానికి అందుబాటులో ఉన్నది. గణితం, భౌతికశాస్త్రం శ్రద్ధగా అభ్యసించిన విద్యార్థి బిట్రగుంటలో కూర్చొని కూడా ఆ లెక్కలు చేయవచ్చు. పొలం గట్టున నిలిచి చూసే ఆ ఎర్రని చుక్క గురించి తెలియవలసినది ఇంకా ఎంతో ఉన్నది.